మూరన్నర అతుకు

నా ఉద్యోగ జీవితంలో గర్వంగా చెప్పుకోదగ్గ పని ఒకటి చెప్పమంటే, తెరచాప పడవకు చేసిన మరమ్మతు గురించి చెబుతాను. వర్క్‌షాపులో నా కింద పనిచేసిన కుర్రవాళ్లు ఈ మాట విన్నప్పుడల్లా నవ్వేవాళ్లు. "మన పల్నాట్లో తాగను నీళ్లు లేవు గదా మేస్త్రీ, తెరచాప పడవ యాడిది?" అనేవాళ్లు. వాళ్ల అనుమానం న్యాయమైనదే. నేను పుట్టింది నరసరావుపేటలో. బావిలోకి చేద వేస్తే అది నీళ్లు తాకిన చప్పుడు వినడానికి కాసేపు ఆగాల్సిన ఊళ్లు మావి. కానీ కృష్ణమ్మ కూడా మా సీమ అంచు పట్టుకునే పోతుంది. ఆ అంచున ఒక వేసవి అంతా నేను పనిచేశాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఈత రాదు.

యుద్ధం నడుస్తున్న రోజులు. మా నాన్న బండ్లు కట్టేవాడు. ఈపూరు, నూజెండ్ల వైపు రైతులు కూడా 'సాయిబు చక్రం' అని అడిగి మరీ చేయించుకునేవాళ్లు. యుద్ధం వల్ల ఇనుము దొరకడం కష్టమైంది. ఇనప పట్టా లేకపోతే చక్రం లేదు. చక్రం లేకపోతే మాకు పని లేదు. అచ్చంపేటకు ఎగువన కృష్ణ ఒడ్డున సర్కారు సర్వే క్యాంపు వేశారనీ, అక్కడ వడ్రంగి కావాలనీ తెలిసి నేను బయలుదేరాను. మా నాన్న వద్దనలేదు. "సర్కారు పనిలో ముందు రంపం తుప్పు పట్టుద్ది, తర్వాత చెయ్యి తుప్పు పట్టుద్ది" అని మాత్రం అన్నాడు. తన మంచి ఉలి ఒక్కటి కూడా ఇవ్వలేదు.

క్యాంపులో ఆరు గుడారాలుండేవి. నది ఎక్కడ ఎంత వెడల్పు, ఎంత లోతు అని కొలిచి పుస్తకంలో రాసుకోవడం అక్కడి పని. దానికోసం ఒక చిన్న తెరచాప పడవ ఉండేది. బందరులో ఎవరో దొర సరదాకు కట్టించుకున్నదట. యుద్ధంలోకి పోతూ ఆయన వదిలేస్తే మా డిపార్ట్‌మెంటు తీసుకుంది. పట్టుమని పది మూరలు లేదు. తెల్లగా, నాజూగ్గా ఉండేది. మన పడవలకు చాప పైన ఒక వాసం కట్టి వేలాడదీస్తారు. దీనికి అలా కాదు. నిలువు స్తంభానికి అడుగున ఇంకో వాసం అడ్డంగా తగిలించి ఉంటుంది. చాప అడుగు అంచును దానికి కడతారు. తాడు పట్టి లాగితే తలుపు రెక్కలాగా అటూ ఇటూ తిరుగుతుంది. గాలి ఏ పక్కనుంచి వచ్చినా చాపను దానికి తగ్గట్టు తిప్పుకోవచ్చు. క్యాంపు పెద్ద ఓవర్సీరు గారు దాన్ని బూమ్ అనేవారు. పడవ నడిపే సరంగు తాత 'కింది కర్ర' అనేవాడు.

ఓవర్సీరు గారు బక్కపలచటి మనిషి. ఎండకూ గాలికీ కూడా గొడుగు పట్టేవారు. అంగుళంలో పావు వంతు తేడా వచ్చినా మళ్లీ కొలిపించేవారు. సరంగు తాత పడవతో పాటు బందరు నుంచి వచ్చినవాడు. అరవై దాటాయి. ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. సముద్రం తీసుకుందని చెప్పేవాడు, అప్పు తీసుకున్నంత తేలిగ్గా. మాటలు చాలా తక్కువ.

ఆ కర్ర విరగడం గాలి తప్పు కాదు, నీటి తప్పు కాదు. నీటిమట్టం చూడడానికి గీతలు చెక్కిన రాయి ఒకటి నదిలో నాటాలి. ఆ రాయిని పడవలోకి ఎక్కించడానికి నలుగురు కూలీలు తిప్పలు పడుతున్నారు. ఓవర్సీరు గారు ఒడ్డున నిలబడి చూసి, బూమ్‌కు తాడు కట్టి రాయిని పైకెత్తమన్నారు. సరంగు తాత నోరు తెరిచి మళ్లీ మూసుకోవడం నేను చూశాను. రాయి జానెడు లేచింది. కర్ర నడుము దగ్గర నుంచి ఎండుకట్టె విరిచిన చప్పుడు వచ్చింది. రాయి ఒడ్డున పడింది. కర్ర మధ్యలో తెల్లగా చీలి వేలాడింది.

తర్వాత ఓవర్సీరు గారు గొడుగు మూసి, "మేస్త్రీ, దీన్ని చూడు" అని గుడారంలోకి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం రిజిస్టరులో 'గాలివాటున విరిగినది' అని రాసినట్టు గుమాస్తా చెప్పాడు.

నాకు మాత్రం లోలోపల సంతోషమే. వచ్చిన నెలరోజుల నుంచీ గుడారాల మేకులు చెక్కడం, బల్లలకు కాళ్లు బిగించడం తప్ప వేరే పని లేదు. ఇప్పుడు చేతి పనితనం చూపించే అవకాశం వచ్చింది. చీలిక విప్పి, తోలు ఉడకబెట్టి చేసే వజ్రం జిగురును వేడివేడిగా పోసి, బిగించి కట్టాను. పైన గోనెగుడ్డ చుట్టి తారు పూశాను. ఎండలో రెండు రోజులు ఆరబెట్టాను. చూసినవాళ్లంతా బాగుందన్నారు. ఓవర్సీరు గారు గొడుగు మొనతో తట్టి చూసి తలూపారు. నేను ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

వజ్రం నీళ్లలో కరుగుతుంది. వడ్రంగి ఇంట్లో పుట్టిన ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. నాకూ తెలుసు. పైన తారు పూశాను గదా, తడి లోపలికి పోదనుకున్నాను. మూడు రోజులు పోలేదు కూడా. నాలుగో రోజున వేసవి జల్లు ఒకటి పడింది. పడవ అప్పుడు నది మధ్యలో ఉంది. ఓవర్సీరు గారు ఫీల్డు పుస్తకం ఒళ్లో పెట్టుకుని రాసుకుంటున్నారు. నేను నా అతుకును చూసుకుంటూ మురిసిపోతున్నాను. చూస్తుండగానే తారు కింద నుంచి బెల్లం పాకంలా ఒక చుక్క జారింది. నాకు విషయం అర్థమయ్యేలోపల గాలి కాస్త బలంగా వీచింది. కర్ర మోకాలు మడిచినట్టు మడుచుకుంది. చాప మొత్తం ఓవర్సీరు గారి మీద పడింది. చాప కిందనుంచి ఆయన బయటికి వచ్చేసరికి పుస్తకం నీళ్లలో తేలుతోంది.

సరంగు తాత పుస్తకాన్ని తెడ్డుతో అందుకున్నాడు. అందులో ఎనిమిది రోజుల కొలతలు సిరా అలుక్కుపోయి నీలంగా మారాయి. తెడ్లు వేసుకుంటూ ఒడ్డు చేరాం.

"మేస్త్రీ, నీ పని బండ్లకు సరిపోతుంది" అన్నారు ఓవర్సీరు గారు ఒడ్డు దిగాక. తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు. "కొత్త బూమ్ కోసం బెజవాడకు రాస్తాను. నువ్వు ఈ నెలాఖరుకు వేరే పని చూసుకో."

"అయ్యా, పది రోజులియ్యండి" అన్నాను.

"ఎందుకు?"

"ఈసారి అతుకు ఊడదు."

ఆయన తడిసిన పుస్తకం వైపు చూశారు. తర్వాత నావైపు చూశారు. "కొత్తది ఎట్లాగూ రెండు నెలల దాకా రాదు" అని మాత్రం అన్నారు. దాన్ని ఒప్పుకోలుగానే నేను తీసుకున్నాను.

సరంగు తాత పడవ పక్కన కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"తాతా, అది ఊడుద్దని నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేంది?"

"నువ్వు అడగలేదుగా సాయిబూ. గుడ్డ చుట్టి, తారు పూసి, పెళ్లికొడుకును జేసి నిలబెట్టావు. పెళ్లికొడుకును పట్టుకుని నీ నడుం ఇరిగిందిరా అని ఎవుడంటాడు?"

"ఇప్పుడు అడుగుతున్నా. ఎట్టా అతకాలి?"

ఆయన చుట్ట పక్కన పెట్టి, ఒడ్డున ఉన్న రెల్లుపుల్లలు రెండు తెంపాడు. కత్తితో రెండింటి కొసలూ ఏటవాలుగా, చాలా పొడవుగా కోశాడు. ఒకదాని మీద ఒకటి ఆనించి దారంతో మూడు చోట్ల కట్టి నా చేతికిచ్చి వంచమన్నాడు. వంచాను. పుల్ల మొత్తం ఒకే ధనుస్సులా వంగింది.

"బండి నొగకు బరువు ఒక పక్కే. దీనికి గాలి అన్ని పక్కలా వంచుద్ది. కురచగా కోస్తే అక్కడే ఇరుగుద్ది. కర్ర మందానికి ఎనిమిది రెట్లు ఏటవాలు కొయ్యాలి."

లెక్కేసుకున్నాను. మూరన్నర. అంత పొడుగున రెండు చెక్కలు వెంట్రుక సందు లేకుండా ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి. నేను అప్పటిదాకా చేసిన అతుకుల్లో జానెడుకు మించింది లేదు.

"జిగురు?"

"జిగురొద్దు. కొయ్య చీలలు కొట్టు, ఇనప పట్టాలేయి. నేను గుగ్గిలం కాసి పోస్తా."

విరిగిన భాగం కోసేస్తే పాత కర్రలో ముందు సగమే మిగులుతుంది. వెనక సగానికి కొత్త చెక్క కావాలి. తేలికగానూ ఉండాలి, బలంగానూ ఉండాలి. క్యాంపు దగ్గర దొరికేది తుమ్మ. దాన్ని పెడితే ఇనప దూలం పెట్టినట్టే. మా నాన్న అటక గుర్తొచ్చింది. బొగ్గుబస్సెక్కి నరసరావుపేట వెళ్లాను. ఆ రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సుల వెనక బొగ్గుల పొయ్యి తగిలించేవాళ్లు. ఎత్తు వచ్చిన చోటల్లా దిగి తోశాం.

జరిగిందంతా మా నాన్నకు చెప్పాను. వజ్రం సంగతి కూడా దాచలేదు. ఆయన చక్రం ఆకుకర్ర చెక్కుతూ తల ఎత్తకుండా విన్నాడు.

"నీళ్లలో వజ్రం పోశావా?"

"పోశాను."

"నా కొడుకువని చెప్పావా ఆడ?"

"చెప్పాను."

"అది చెప్పకపోతే బాగుండేది" అన్నాడు. తర్వాత లేచి నిచ్చెన వేసి అటకెక్కాడు. పాత ఇంటి దూలాన్ని చీల్చి పెట్టిన టేకు వాసం ఒకటి అక్కడ పన్నెండేళ్లుగా ఎండుతోంది. కిందికి దించి, వేలి కణుపుతో మూడు చోట్ల తట్టి, చెవి ఆనించి విన్నాడు. "బండికి ఎక్కువ, తలుపుకు తక్కువ. దీనికి ఇదే పని రాసిపెట్టి ఉందేమో. తీసుకుపో." నేను గడప దాటుతుంటే వెనక నుంచి పిలిచాడు. "ఏటవాలు కోత కంటికి సరిగ్గానే కనపడుద్ది. కంటిని నమ్మొద్దు. మసి రాసి చూడు."

తను వాడే వెడల్పాటి ఉలిని, గుడ్డలో చుట్టి, వాసంతో పాటు కట్టేశాడు. నేను బస్సెక్కాక చూసుకున్నాను.

కోత కోసింది ఒక్క పూటలో. ఆనించి సరిచేసింది మూడు రోజులు. లాంతరు మసి నూనెలో కలిపి పాత కర్ర ఏటవాలు మీద పూసేవాణ్ణి. కొత్తదాన్ని దానిమీద ఆనించి తీసేవాణ్ణి. కొత్తదానిమీద మసి అంటిన చోటల్లా ఎత్తుందన్న మాట. అక్కడ ఉలితో కాగితమంత పొర తీయాలి. మళ్లీ ఆనించాలి. మొదట్లో అయిదారు చుక్కలే అంటేవి. రెండో రోజుకు మచ్చలయ్యాయి. మూడో రోజు మధ్యాహ్నానికి మూరన్నర పొడుగునా చెక్కకు మసి నల్లగా, ఒకే తీరుగా అంటింది. ఆ నలుపును తుడిచేయడానికి నాకు మనసొప్పలేదు. సరంగు తాత వచ్చి చూసి, రెంటినీ ఆనించి, అతుకు మీద తన మూడువేళ్ల చేత్తో నిమిరి, గుగ్గిలం కాచడానికి వెళ్లాడు.

గుగ్గిలం పోసి, చీలలు కొట్టాం. ఇక పట్టాలు. రెండు మైళ్ల దూరంలో ఊళ్లో కమ్మరి కొలిమి ఉంది. వెళితే కమ్మరి చలిజ్వరంతో ముసుగేసుకుని పడుకుని ఉన్నాడు. కొలిమి దగ్గర అతని భార్య సమ్మెట పట్టుకుని నాగటి కర్రు సాగగొడుతోంది. చీర కుచ్చిళ్లు నడుముకు దోపుకుని, చేతులు మోచేతుల దాకా మసి.

"అన్న లేస్తాడా అక్కా?" అన్నాను.

"వారం దాకా లేవడు. ఏం గావాల?"

పని చెప్పాను. సన్నటి పట్టాలు నాలుగు. ఒకదానికంటే ఒకటి పిసరంత చిన్నవి. ఎందుకంటే కర్ర కొసవైపు పోనుపోను సన్నమవుతుంది.

"నేను జేస్తా. నమ్మకం లేకపోతే గుంటూరు పో" అంది.

నమ్మకం ఉందో లేదో నాకు తెలియదు గానీ, గుంటూరు పోయే వ్యవధి లేదు. మరునాడు కర్రను భుజాన వేసుకుని తీసుకెళ్లాను. ఆమె కొలబద్ద తీయలేదు. నూలుదారం తీసి అతుకు మీద నాలుగు చోట్ల చుట్టి, ముళ్లు వేసింది. ఆ ముళ్లకంటే వరిగింజంత తక్కువగా నాలుగు పట్టాలు కొట్టింది. విరిగిన బండి చక్రం పట్టా ఒకటి ఆమె దగ్గర ఉంటే దాన్నే చీల్చి చేసింది. ఎర్రగా కాల్చి, పట్టకారుతో కర్ర సన్నకొస నుంచి తొడిగి, నన్ను సుత్తితో లోపలికి కొట్టమంది. కర్ర పొగలెగసింది.

"కాలిపోద్దేమో అక్కా."

"పొగ రావాల తమ్ముడా. మంట రాకూడదు. పొగ రాకపోతే పట్టా వదులైనట్టు." చెంబుతో నీళ్లు పోసింది. ఇనుము బుస్సుమని చల్లారి, చెక్కను కరిచి పట్టుకుంది. చక్రానికి పట్టా ఎక్కించడం చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణే. అయినా ఆ రోజు కొత్తగా చూసినట్టనిపించింది.

నాలుగో పట్టా చల్లారాక ఆమె కర్ర ఒక కొసను అరుగు మీద పెట్టి, రెండో కొసను గడప మీద పెట్టి, మధ్యలో ఎక్కి నిలబడింది. కర్ర వంగింది, మళ్లీ లేచింది. "పో, చూపిచ్చుకో మీ ఓవర్సీరుకు" అంది.

ఓవర్సీరు గారు మరునాడు పొద్దున బూమ్‌కు ఇసుక బస్తాలు వేలాడదీసి పరీక్ష చేస్తానన్నారు. అది జరిగేదాకా పడవ కదలకూడదన్నారు. అది నా పది రోజుల్లో తొమ్మిదోది.

పొద్దున నేను లేచి ఒడ్డుకు వెళ్లేసరికి సరంగు తాత నీళ్లవైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. నది రంగు మారింది. నిన్నటిదాకా పచ్చగా ఉన్న నీళ్లు ఎర్రమన్ను కలిపినట్టున్నాయి. రోహిణి కార్తె ఇంకా పోలేదు. వరద వచ్చే కాలం కాదు. ఎగువన ఎక్కడో పెద్ద వాన పడి ఉంటుంది. మేము చూస్తుండగానే ఆ ఎర్రనీళ్ల మీద ఒక పుచ్చకాయ తేలుతూ వచ్చింది. దాని వెనక మరో రెండు. కాసేపటికి పదుల సంఖ్యలో కాయలు గుండ్రంగా తిరుగుతూ పోతున్నాయి.

"తిప్ప మునుగుతోంది" అన్నాడు తాత.

మాకు ఎగువన మైలు దూరంలో నది నడుమ ఇసుకతిప్ప ఒకటుంది. వేసవిలో దానిమీద పుచ్చ పాదులు పెట్టుకుని, గుడిసె వేసుకుని ఉండే కుటుంబం ఒకటి ఉంది. మొత్తం ఏడుగురు. తాటాకు మీద కాయలు పెట్టుకుని మా క్యాంపుకు తెచ్చి అమ్మేవాళ్లు. రేవులో మనుషుల్ని దాటించే పుట్టి ఒక్కటే. అది ముందురోజు అవతలి ఒడ్డుకు పోయి అక్కడే ఆగిపోయింది. మా దగ్గర ఉన్నది ఆ తెల్ల పడవే. ఎదురు ప్రవాహంలో తెడ్లతో మైలు పోవడం జరిగే పని కాదు. కానీ తూర్పుగాలి బలంగా ఉంది. చాప ఎత్తితే పోవచ్చు.

ఓవర్సీరు గారు గొడుగు లేకుండా పరుగెత్తుకుంటూ వచ్చారు. ఆయన్ని అలా చూడడం అదే మొదటిసారి. నీళ్లను చూశారు. కొట్టుకుపోతున్న కాయలను చూశారు. కర్రను చూశారు.

"పరీక్ష కాలేదు" అన్నారు.

"ఇదే పరీక్ష" అన్నాడు సరంగు తాత.

"మధ్యలో ఊడితే నువ్వూ పోతావు, వాళ్లూ పోతారు. మొన్న చూశాంగా."

తాత నావైపు తిరిగాడు. "నీ అతుకు మీద నీకు నమ్మకముందా సాయిబూ?"

"ఉంది."

"అయితే ఎక్కు. తాడు పట్టే మనిషి కావాల."

"నాకు ఈత రాదు తాతా."

"అందుకే నిన్ను ఎక్కమంటన్నా. ఈతొచ్చినోడు అతుకు మీద నమ్మకముందని ఊరికే చెప్తాడు."

ఎక్కాను. ధైర్యంతో కాదు. ఎక్కకపోతే ఆ తర్వాత ఉలి పట్టుకోలేనని తెలిసి ఎక్కాను. ఓవర్సీరు గారు ఒక్క క్షణం ఆలోచించి, తనే పడవను నీళ్లలోకి తోశారు.

చాప ఎత్తగానే గాలి పట్టింది. కర్ర కుడివైపుకు బారుగా చాచుకుంది. దాని కొసకు కట్టిన తాడు నా చేతిలో ఉంది. ప్రవాహం వెనక్కి తోస్తుంటే, గాలి ముందుకు తోస్తుంటే, ఆ రెంటి బరువూ ఆ మూరన్నర మీద పడింది. కర్ర మూలుగుతోంది. ప్రతి మూలుగుకూ నేను పట్టాల వైపు చూస్తున్నాను. "కర్ర సంగతి కర్ర చూసుకుంటది. నువ్వు తాడు చూసుకో" అన్నాడు తాత.

తిప్ప దగ్గరికి చేరేసరికి గుడిసె సగం మునిగి ఉంది. మోకాళ్ల లోతు నీళ్లలో ఏడుగురూ చేతులు పట్టుకుని నిలబడి ఉన్నారు. మా పడవలో మేమిద్దరం కాక నలుగురికే చోటు. ముసలమ్మనీ, ఇద్దరు కోడళ్లనీ, చంటిపిల్లనీ ఎక్కించాం. ముసలమ్మ పడవలో కూర్చోగానే తలెత్తి బూమ్‌ను చూసింది. టేకు ఒక రంగు, పాత కర్ర ఒక రంగు, మధ్యలో నాలుగు నల్ల పట్టాలు.

"ఇదేందయ్యా, అతుకులబొంత పడవ తెచ్చారు?" అంది.

"మంచిది ఉంటే అది తెద్దుము గదమ్మా" అన్నాడు తాత. అంత వరదలోనూ కోడళ్లలో ఒకామె నవ్వింది.

వచ్చేటప్పుడు చాప దించేసి ప్రవాహంతో పాటు జారుకుంటూ ఒడ్డు చేరాం. ఓవర్సీరు గారు నడుం లోతు నీళ్లలో నిలబడి తాడు అందుకున్నారు. వాళ్లను దింపి మళ్లీ వెనక్కి తిరిగాం.

రెండోసారి నీళ్లు ఇంకా పెరిగాయి. మబ్బు కమ్మింది. మిగిలిన ముగ్గురు మగవాళ్లూ గుడిసె కప్పు మీది నడికొప్పు పట్టుకుని ఉన్నారు. ఇంకో వంద గజాలుందనగా గాలి ఉన్నట్టుండి దిక్కు మారి చాప వెనక వైపు నుంచి కొట్టింది. "తల వంచు" అని తాత అరిచాడు. నేను వంగేలోపల, కుడివైపు బారుగా చాచి ఉన్న కర్ర నా తల మీదుగా ఎడమవైపుకు విసురుగా వచ్చింది. తాడు నా అరచేతుల్లో తోలు ఒలిచింది. కొస దాకా వచ్చి ఆగినప్పుడు తుపాకీ పేలినట్టు చప్పుడైంది. పడవ పక్కకు ఒరిగి నీళ్లు లోపలికి వచ్చాయి.

అయిపోయిందనుకున్నాను. కళ్లు మూసుకున్నాను. చాప నా మీద పడాలి. పడలేదు. కళ్లు తెరిచి చూస్తే కర్ర ఎడమవైపున బారుగా చాచి ఉంది, ధనుస్సులా కాస్త వంగి. చాప నిండుగా ఉంది. పడవ ముందుకే పోతోంది. నేను చేయి చాచి అతుకును తడిమాను. రెండు చెక్కల మధ్య గోరు దూరే సందు లేదు. అరచేతి రక్తం దానికి అంటుకుంది.

"తాడు చూసుకోమన్నానా?" అన్నాడు తాత.

ముగ్గురినీ ఎక్కించుకున్నాం. మేము సగం దూరం వచ్చేసరికి గుడిసె కప్పు మా పక్కనుంచే కొట్టుకుపోయింది. ఆ ముగ్గురిలో పెద్దవాడు దాన్ని కనుమరుగయ్యేదాకా చూశాడు. తర్వాత నా అరచేతులు చూసి, తన తలగుడ్డ చించి కట్టాడు.

ఆ సాయంత్రం ఓవర్సీరు గారు నన్ను గుడారంలోకి పిలిచారు. రిజిస్టరు తెరిచి ఉంది. 'గాలివాటున విరిగినది' అన్న మాటలను గీత కొట్టి, కింద 'నా ఆజ్ఞపై బరువెత్తుటకు వాడగా విరిగినది. క్యాంపు వడ్రంగిచే మరమ్మతు చేయించడమైనది' అని రాసి సంతకం చేసి ఉంది. నేను చదివేదాకా ఆగి, మూసేశారు. "వేరే పని చూసుకోమన్నాను గదా, ఆ మాట వదిలెయ్" అన్నారు. పై అధికారులు ఆ రాతకు ఆయన్ని ఏమన్నారో నాకు తెలియదు. ఆయన ఎప్పుడూ చెప్పలేదు. తప్పు చేసి దాన్ని సిరాతో ఒప్పుకున్న పైవాళ్లను ఆ తర్వాత ముప్పై ఏళ్ల సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పిల్లలూ, పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లూ ఈ కథ విని నా ధైర్యాన్ని మెచ్చుకుంటారు. అందులో ధైర్యం పాలు తక్కువ. సగం సరంగు తాతది. పట్టాలు కమ్మరక్కవి. టేకు మా నాన్నది. నాకు చెందింది మసి పూసి చూసిన ఆ మూడు రోజులే. కానీ ఆ మూడు రోజులు పూర్తిగా నావే. వాటిని ఎవరికీ ఇవ్వను.

సర్వే అయిపోయాక నన్ను వేరే చోటికి మార్చారు. రెండేళ్ల తర్వాత, సెలవు మీద ఇంట్లో ఉండగా, ఓవర్సీరు గారి దగ్గర నుంచి ఒక కార్డు వచ్చింది. ఆయన అక్షరాలు ముత్యాల్లా, గీత మీద నిలబడినట్టుండేవి. 'బూమ్ నిన్న తిరిగి విరిగినది. మరమ్మతుకు నిన్ను పంపమని పై ఆఫీసుకు రాసినాను. విరిగినది నీ అతుకు వద్ద కాదని తెలియజేయడమైనది.'

నాన్న పంచలో కూర్చుని చక్రానికి ఆకులు దిగేస్తున్నాడు. చూపు మందగించింది. కార్డు పైకి చదివి వినిపించాను. సుత్తి ఆపాడు.

"మరి యాడ ఇరిగిందంట?"

"అతుక్కు మూరెడు ఇవతలంట, కింద రాశారు. దొర పెట్టిన పాత కర్రలో."

ఆయన ఆకును వేలితో తట్టి చూశాడు. తర్వాత మళ్లీ సుత్తి ఎత్తాడు.

"అది వాళ్ల పనితనం" అన్నాడు.